వర్డ్‌ప్రెస్ థీమ్ మార్చేటప్పుడు: అపోహలు - వాస్తవాలు

అపోహ: థీమ్ మారిస్తే రాసినవన్నీ పోతాయి.

వాస్తవం: వెబ్‌సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అయిన వర్డ్‌ప్రెస్‌లో పోస్టులు, పేజీలు, వ్యాఖ్యలు ఉండేది డేటాబేస్‌లో. థీమ్ అంటే సైట్ రూపాన్ని నిర్ణయించే, డబ్ల్యూపీ-కంటెంట్ లోపలి థీమ్స్ ఫోల్డర్‌లో ఉండే ఫైళ్లు మాత్రమే. అయితే ఒక చోట ఈ భయానికి అర్థం ఉంది. పాత థీమ్ తన ఫంక్షన్స్.పీహెచ్‌పీ అనే కోడ్ ఫైల్‌లో 'వంటకాలు' లాంటి కస్టమ్ పోస్ట్ టైప్‌ను (సొంత రకం పోస్టుల విభాగాన్ని) రిజిస్టర్ చేసి ఉంటే, థీమ్ మార్చగానే ఆ విభాగం డాష్‌బోర్డ్‌లోంచి మాయమవుతుంది, దాని పేజీలకు 404 (పేజీ దొరకలేదు) వస్తుంది. డేటా మాత్రం భద్రంగానే ఉంటుంది. ఆ కోడ్‌ను చిన్న ప్లగిన్‌లోకి (థీమ్‌తో సంబంధం లేకుండా నడిచే అదనపు కోడ్‌లోకి) మార్చి, సెట్టింగ్స్‌లోని పర్మాలింక్స్ (పేజీల చిరునామాలు) పేజీలో ఒకసారి సేవ్ నొక్కండి, అన్నీ తిరిగొస్తాయి. అసలు ఇలాంటి కోడ్‌ను థీమ్‌లో పెట్టనే కూడదు.

అపోహ: థీమ్ ఫోల్డర్‌కు ఏ పేరు పెట్టినా ఒకటే.

వాస్తవం: వర్డ్‌ప్రెస్ థీమ్‌ను గుర్తుపట్టేదే ఫోల్డర్ పేరుతో. కస్టమైజర్‌లో (థీమ్ రూపం మార్చే తెరలో) ఎంచుకున్న రంగులు, హెడర్ చిత్రం, ఏ మెనూ ఏ స్థానంలో ఉండాలన్న వివరం, అన్నీ ఆ పేరు మీదే డేటాబేస్‌లో సేవ్ అవుతాయి. పేరు మార్చారా, సెట్టింగ్స్ ఖాళీ. థీమ్ మార్చాక మెనూ కనిపించకపోతే కొత్తది తయారుచేయకండి; పాతది అక్కడే ఉంటుంది, స్థానం మళ్లీ కేటాయిస్తే చాలు. 'అదనపు సీఎస్ఎస్' (రూపం మార్చడానికి మీరు చేర్చిన కోడ్) కూడా థీమ్‌కు విడివిడిగా ఉంటుంది కాబట్టి మార్చే ముందే కాపీ చేసి పెట్టుకోండి.

అపోహ: చైల్డ్ థీమ్ అంటే పేరెంట్ ఫోల్డర్‌కు నకలు.

వాస్తవం: పేరెంట్ అనే అసలు థీమ్ మీద ఆధారపడుతూ మీ మార్పులను మాత్రమే ఉంచుకునేది చైల్డ్ థీమ్. మొదలుపెట్టడానికి స్టైల్.సీఎస్ఎస్ అనే ఫైల్ ఒక్కటి చాలు. అందులో 'టెంప్లేట్' అనే వరుసలో పేరెంట్ ఫోల్డర్ పేరు రాయాలి, థీమ్ పేరు కాదు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఆ తర్వాత మార్చాలనుకున్న టెంప్లేట్‌ను (పేజీ అమరిక ఫైల్‌ను) మాత్రమే, ఉదాహరణకు సింగిల్.పీహెచ్‌పీని, కాపీ చేసుకోవాలి. ఫంక్షన్స్.పీహెచ్‌పీని కాపీ చేయవద్దు. రెండు థీమ్‌ల ఫంక్షన్స్.పీహెచ్‌పీలూ నడుస్తాయి, ముందు చైల్డ్‌ది. అదే ఫంక్షన్ రెండోసారి ఎదురైతే సైట్ ఆగిపోతుంది.

అపోహ: టెంప్లేట్లను నచ్చిన సబ్‌ఫోల్డర్లలో సర్దుకోవచ్చు.

వాస్తవం: క్లాసిక్ థీమ్‌లో (పీహెచ్‌పీ టెంప్లేట్లతో నడిచే పాత తరహాలో) సింగిల్, ఆర్కైవ్, ఇండెక్స్ వంటివి థీమ్ ఫోల్డర్‌లో నేరుగా ఉండాలి. పేజీకి విడిగా ఎంచుకునే టెంప్లేట్లు ఒక మెట్టు లోపల ఉన్నా దొరుకుతాయి. బ్లాక్ థీమ్‌లో (డాష్‌బోర్డ్‌లోని సైట్ ఎడిటర్‌తో దిద్దుకునే కొత్త తరహాలో) టెంప్లేట్స్, పార్ట్స్ అనే ఫోల్డర్లు వాడాలి. ఇక్కడ ఇంకో చిక్కుంది: సైట్ ఎడిటర్‌లో ఒకసారి మార్చి సేవ్ చేస్తే ఆ మార్చిన కాపీ డేటాబేస్‌లోకి వెళ్లి, ఫైల్ కన్నా పైచేయి అవుతుంది. ఫైల్‌లో ఎంత దిద్దినా తెర మీద మార్పు రాకపోతే, సైట్ ఎడిటర్‌లో ఆ టెంప్లేట్‌ను రీసెట్ చేయండి.

అపోహ: ఇంగ్లిష్ డెమోలో బాగుంటే తెలుగులోనూ బాగుంటుంది.

వాస్తవం: లైన్ హైట్ (వరుస ఎత్తు) 1.2 ఉన్న శీర్షికల్లో పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. శీర్షికలకు 1.5, మామూలు పాఠానికి 1.7 దగ్గర మొదలుపెట్టి చూడండి. లెటర్ స్పేసింగ్‌ను (అక్షరాల మధ్య అదనపు ఖాళీని) సున్నా చేయండి. థీమ్ ఫాంట్‌లో తెలుగు లేకపోతే బ్రౌజర్ తనకు దొరికినదాన్ని వాడేస్తుంది; నోటో సాన్స్ తెలుగు లాంటిదాన్ని చైల్డ్ థీమ్‌లోనే చేర్చండి. 'స్త్రీ', 'రాష్ట్రం', 'జ్యోత్స్న' ఉన్న రెండు వరుసల శీర్షికతో ఫోన్‌లో పరీక్షించాకే థీమ్‌ను యాక్టివేట్ చేయండి.