గుడ్డు పెంకు, నిమ్మరసం, కాల్షియం మాత్ర

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా అక్కకు బరువు తగ్గే ఆపరేషన్ అయింది. డాక్టరు గారు కాల్షియం సిట్రేట్ రాశారు. మెడికల్ షాపులో అది లేదని కార్బొనేట్ ఇచ్చి, ఇదీ కాల్షియమే అన్నారు. పర్వాలేదా?"

పర్వా ఉంది. ఒక గుడ్డు పెంకును గ్లాసులో వేసి నిమ్మరసం పోయండి. బుసబుసమని బుడగలొస్తాయి. పెంకంతా దాదాపు కాల్షియం కార్బొనేటే. ఆమ్లం తగిలితే అది కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేసి కరుగుతుంది. ఇంకో గ్లాసులో మంచినీళ్లు పోసి చూడండి, మర్నాటికీ పెంకు పెంకులాగే ఉంటుంది. బడిలో ఈ ప్రయోగం ఒకరోజు, జీర్ణాశయం పాఠం ఇంకోరోజు చెబుతారు. రెండూ కలిపి చెబితే పిల్లలు జన్మలో మర్చిపోరు! ఎందుకంటే మన కడుపులో నిమ్మరసం పని చేసేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. కార్బొనేట్ మాత్రను భోజనంతో వేసుకోమనేది కూడా తిండి పడితే ఆమ్లం బాగా ఊరుతుందనే.

బరువు తగ్గే ఆపరేషన్లలో ముఖ్యంగా రెండు రకాలు. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో సుమారు 80 శాతం తీసేస్తారు. బైపాస్‌లో (గుండెది కాదు, కడుపుది) జీర్ణాశయం పైభాగాన్ని 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిగా చేసి, దాన్ని నేరుగా చిన్నపేగు మధ్య భాగానికి కలుపుతారు. పైగా పుండ్లు పడకుండా కొన్ని నెలలు పాంటోప్రజోల్ లాంటివి ఇస్తారు, అవి ఉన్న ఆమ్లాన్నీ తగ్గిస్తాయి. అంటే కార్బొనేట్ మాత్ర పడేది మంచినీళ్ల గ్లాసు లాంటి చోట. సిట్రేట్‌కు ఈ ఇబ్బంది లేదు. అది నిమ్మలో ఉండే సిట్రిక్ ఆమ్లపు లవణమే. నిమ్మరసం పని ఫ్యాక్టరీలోనే అయిపోయిందన్నమాట.

థైరాయిడ్ మాత్ర లెవోథైరాక్సిన్ సరిగ్గా కరగడానికీ ఆమ్లం కావాలి. ఆ లెక్కన డోసు పెంచాలి. కానీ ఒళ్లు తగ్గేకొద్దీ అవసరమయ్యే డోసు కూడా తగ్గుతుంది. ఈ గుంజాటలో ఏది గెలిచిందో టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్షే చెప్పాలి.

"ఆపరేషన్ అయిన ఒంటికి మందు పట్టదు" అని కొందరు సొంతంగా డోసు పెంచేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. షుగరు ఉన్నవాళ్లకు బరువు తగ్గకముందే, కొద్దిరోజుల్లోనే షుగరు దిగడం మొదలవుతుంది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మందులు పాత డోసులోనే సాగితే షుగరు మరీ పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం. మెల్లగా కరిగే ఎస్ఆర్ మాత్రలు మింగడం కష్టమని నూరుకుంటే రోజంతటి మందూ ఒక్కసారే ఒంట్లో పడుతుంది.

అక్కగారిది థైరాయిడ్ మాత్ర కూడా ఉంటే, దానికీ ఏ రకం కాల్షియానికైనా 4 గంటల ఎడం పాటించమనండి. రెండూ కడుపులో కలిస్తే కాల్షియం ఆ మందును పట్టేసుకుని రక్తంలోకి వెళ్లనివ్వదు.