సిరియాళుడి కొడుకు తిరిగొచ్చాడు

‘సామి తప్పు చెయ్యడు, మనల్ని పరీక్షిస్తడు.’ ఏ బాబా మీద కేసు పడ్డా, హన్మకొండ అయినా జనగామ అయినా, భక్తుల నోట ముందుగా వచ్చే మాట ఇదే. 2017 ఆగస్టులో పంచకుల కోర్టు గుర్మీత్ రామ్ రహీమ్‌ను అత్యాచారం కేసులో దోషిగా తేల్చితే, అనుచరులు చేసిన అల్లర్లలో 30 మందికి పైగా చనిపోయారు. వాళ్లకు పిచ్చి అనేసి ఊరుకోవచ్చు. కానీ ఆ పరీక్ష మాట మనకూ కొత్తది కాదు.

రాజులే గురువుల కాళ్ల దగ్గర కూర్చున్న నేల ఇది. కాకతి రెండో బేతరాజు కాలాముఖమనే శైవ శాఖ ఆచార్యుడు రామేశ్వర పండితుడికి ఊరు రాసిచ్చాడని 1090 నాటి కాజీపేట దర్గా శాసనం చెబుతోంది. తర్వాత వీరశైవ కవి పాలకుర్తి సోమనాథుడు వచ్చాడు. ఆయన బసవపురాణంలో శివుడు జంగమ వేషంలో, అంటే శైవ సన్యాసిలా వచ్చి, భక్తుడు సిరియాళుడి కొడుకు మాంసం అడుగుతాడు. తల్లిదండ్రులు వండి పెడతారు. చివరికి కొడుకు బతికొస్తాడు. వేశ్యల ఇళ్లకు పోయే మిండ జంగాలను కూడా బసవన్న శివుడిగానే కొలుస్తాడు.

ఆనాటి సందర్భం వేరు, అది మరచిపోతే సోమనాథుడికి అన్యాయం చేసినట్టే. బిజ్జల రాజు కొలువులో మంత్రి అయిన బసవన్న, మాదర చెన్నయ్య వంటి అంత్యజ భక్తుణ్ని నెత్తిన పెట్టుకోవడం చిన్న సంగతి కాదు. మెడలో లింగముంటే కులం అడగొద్దు, గుణం అడగొద్దు అన్నారు. మనకు మొదటిది జారిపోయి రెండోదే మిగిలింది. ఇప్పుడు ఆశ్రమం కట్టుకున్నాయన పైన, పిల్లను సేవకు పంపిన కూలి తల్లి కింద.

భయం సంగతి గురుగీత చూసుకుంది. శివుడు కోపిస్తే గురువు కాపాడతాడు, గురువు కోపిస్తే దిక్కు లేదంటుందది. అలా నమ్మిన ఇంట్లో బిడ్డ ఏడ్చుకుంటూ వచ్చి చెప్పినా, ముందు బిడ్డ నోరే మూయిస్తారు.

మహాభారతంలో మరో శ్లోకం ఉంది. గర్వంతో మంచిచెడ్డలు మరచి దారి తప్పితే, గురువునైనా సరే వదిలెయ్యాలని. పరశురాముడితో యుద్ధానికి దిగే ముందు భీష్ముడు అన్న మాట అది. (ఆ గొడవలో అంబ బతుకు పాడుచేసింది భీష్ముడే, అది వేరే కథ.) ‘గురుర్బ్రహ్మ’ మన బళ్లలో రోజూ మైకులో వినిపిస్తుంది. ఈ శ్లోకాన్ని నేను ఏ ప్రవచనంలోనూ వినలేదు.