బండి మీద దించితేనే పిల్లలు క్షేమమా? బడి దారి గురించి అపోహలు - వాస్తవాలు

జూన్‌లో బడులు తెరిచిన దగ్గర్నుంచి నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "మేడమ్, బడి అర కిలోమీటరే. కానీ ఆ రోడ్డు చూస్తేనే గుండె దడ. బండి మీద దించడమే సేఫ్ కదా?"

పదకొండేళ్లుగా ఖమ్మం చుట్టుపక్కల ప్రైమరీ స్కూళ్లలో రోడ్డు భద్రత నేర్పుతున్నాను. ఈ మాట అడిగే తల్లి గొంతులో టెన్షన్ నాకు తెలుసు. మన వీధుల్లో ఫుట్‌పాత్ ఉండదు. ఉన్నచోట దాని మీద ట్రాన్స్‌ఫార్మరో, కొబ్బరిబోండాల బండో ఉంటుంది. కాబట్టి భయపడటంలో తప్పు లేదు. కానీ ఆ భయంతో మనం చేసే పని పిల్లల్ని అంతకన్నా పెద్ద ప్రమాదం మీద కూర్చోబెడుతోంది. అందుకే ఈ ఒక్క అపోహ గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

అపోహ: నడిపిస్తే ప్రమాదం, బండి మీద దించితే నిశ్చింత

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 44.5 శాతం టూవీలర్ల మీద ఉన్నవాళ్లు, 19.5 శాతం నడిచివెళ్తున్నవాళ్లు. దీన్నిబట్టి నడకలో ప్రమాదమే లేదని నేను అనను. బండి ఎక్కించగానే బిడ్డ గండం గడిచినట్టు కాదని మాత్రం గట్టిగా చెప్తాను.

అసలు ఎలా ఎక్కిస్తున్నాం? స్కూటీ ముందు చిన్నది నిలబడుతుంది, వెనక పెద్దవాడు, మధ్యలో నాన్న. రెండు బ్యాగులు, ఒక లంచ్ బుట్ట. నాన్న తలకు హెల్మెట్ ఉంటే ఉంటుంది, పిల్లల తలలకు మాత్రం ఉండదు. సడన్ బ్రేకు పడితే ముందు నిలబడ్డ బిడ్డ ముఖం హ్యాండిల్‌కు తగులుతుంది, వెనక నుంచి పెద్దవాళ్ల బరువంతా ఆ చిన్న ఒంటి మీద పడుతుంది.

నేనూ అలాగే తిప్పాను. ఈ పనిలోకి రాకముందు మా పాపను రెండేళ్లు స్కూటీ ముందు నిలబెట్టే బడికి తీసుకెళ్లాను. ఒకరోజు పెన్సిళ్ల కోసం కిరాణా కొట్టు ముందు ఆగాను. ఇంజన్ ఆపలేదు. ఒక కాలు నేల మీద పెట్టి, కొట్టాయనకు చిల్లర ఇవ్వడానికి కుడిచెయ్యి చాపాను. పాప తను నిలదొక్కుకోవడానికి హ్యాండిల్ పట్టుకుంది. పట్టుకున్నది యాక్సిలరేటరు. బండి ఒక్కసారిగా దూకి, కొట్టు మెట్లకు కొట్టుకుని పడిపోయింది. పాపకు గడ్డం కింద నాలుగు కుట్లు పడ్డాయి. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అందుకే చెప్తున్నాను: చిన్నపిల్లల్ని ముందు నిలబెట్టకండి. ఒక్క నిమిషానికైనా సరే, ఆగితే ఇంజన్ ఆపేసి తాళం తీయండి.

చట్టం కూడా తెలుసుకోవాలి. 2019 సవరణ ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బండి మీద హెల్మెట్ తప్పనిసరి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలైతే హెల్మెట్‌తో పాటు, నడిపేవాళ్లకు కట్టి ఉంచే బెల్టు ఉండాలి. ఆ వయసు పిల్లలు బండి మీద ఉంటే వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. నాలుగేళ్ల లోపు పిల్లల గురించిన ఈ నియమం 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. "దగ్గరికే కదా" అనే మినహాయింపు ఇందులో ఎక్కడా లేదు.

ఇక బడి గేటు సంగతి. ఉదయం ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా ఏ ప్రైవేటు స్కూలు గేటు దగ్గరైనా నిలబడి చూడండి. అందరూ బిడ్డను సరిగ్గా గేటు ముందే దించాలనుకుంటారు. బైకులు, ఆటోలు, రివర్సు తీసుకునే కార్లు, వాటి సందుల్లోంచి దూరిపోయే పిల్లలు. వాహనాల వల్ల భయమని మనం తెచ్చిన వాహనాలే అక్కడ భయం అవుతున్నాయి.

పేరెంట్స్ మీటింగుల్లో నేను ఒక పని చేయిస్తాను. అమ్మానాన్నల్ని గేటు బయటికి తీసుకెళ్లి, ఆపి ఉన్న రెండు బండ్ల మధ్య మోకాళ్ల మీద కూర్చోమంటాను. ఒకటో తరగతి బిడ్డ కళ్లు నేల నుంచి దాదాపు మీటరు ఎత్తులో ఉంటాయి. ఆ ఎత్తు నుంచి చూస్తే రోడ్డు కనిపించదు. స్కూటర్ సీటు, కారు బానెట్, నంబరు ప్లేటు కనిపిస్తాయి. వచ్చే బండివాడికి కూడా ఆ బిడ్డ కనిపించడు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు ముందుకొస్తుంది, అంటే నాలుగు ఆటోలు వరసగా నిలబెట్టినంత దూరం. బ్రేకు వేయాలని తోచేలోపే అంత దూరం వచ్చేస్తుంది. మొన్న ఒకాయన మోకాళ్ల మీద నుంచి లేచి ప్యాంటు దులుపుకుంటూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "రోజూ మా వాణ్ని ఇక్కడే వదిలేసి పోతున్నా మేడమ్" అన్నారు.

మరి ఏం చేయాలి? ఇల్లు కిలోమీటరు లోపైతే చెయ్యి పట్టుకుని నడిపించండి. ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు కిలోమీటరు నడక దూరంలో బడి ఉండాలని విద్యాహక్కు నియమాలు చెప్పేది ఊరికే కాదు, ఆ వయసు పిల్లలు అంత దూరం నడవగలరు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. కిలోమీటరు వడివడిగా నడిస్తే రానూపోనూ అందులో సగం దాకా దారిలోనే తీరిపోతుంది. ఇల్లు దూరమైతే బండి మీదే రండి, కానీ గేటుకు మూడొందల మీటర్ల ముందే, రద్దీ లేనిచోట ఆపి, అక్కడి నుంచి నడవండి. చిన్నపిల్లలకైనా ఆరేడు నిమిషాలకు మించి పట్టదు. పదిమంది ఇలా చేస్తే గేటు ముందు పది బండ్లు తగ్గుతాయి.

అపోహ: చెప్పాం కదా, వాడే చూసుకుని దాటుతాడు

ఇది పై అపోహకు పూర్తి తిరగేసిన రూపం. తొమ్మిది, పదేళ్లు వచ్చేదాకా పిల్లలు వచ్చే బండి వేగాన్నీ దూరాన్నీ కలిపి అంచనా వేయలేరు. తెలివి తక్కువై కాదు, ఆ వయసుకు ఆ నైపుణ్యం రాదు. రూల్ మాత్రం అప్పజెప్తారు. రెండో తరగతి పిల్లాణ్ని "చూశావా?" అంటే గంగిరెద్దులా తల అటూ ఇటూ తిప్పి "చూశా" అన్నాడు. "ఏం కనిపించింది?" అని అడిగాను. దిక్కులు చూశాడు. అప్పుడే వాడి ముందు నుంచి పాల వ్యాను వెళ్లింది.

అందుకే "చూశావా" అని అడగడం మానేయండి. "ఏం వస్తోంది? ఎంత దూరంలో ఉంది? ఆగిందా, వస్తోందా?" అని అడగండి. రోడ్డు అంచు దగ్గర రోజూ ఆగాలి. ముందు కుడి, తర్వాత ఎడమ, మళ్లీ కుడి. రోడ్డు ఖాళీగా ఉన్నా సరే, ఆగాల్సిందే. వేలు పట్టించొద్దు, జారిపోతుంది. మణికట్టు దగ్గర పట్టుకోండి. వాహనాల వైపు మీరు, లోపలి వైపు బిడ్డ. ఇవన్నీ బండి వెనక కూర్చుని ఎవరూ నేర్చుకోలేరు, కాళ్ల మీద నడిస్తేనే వస్తాయి.

అపోహ: నడిచివెళ్తే పిల్లల్ని ఎత్తుకుపోతారు

ఈ వాట్సాప్ మెసేజ్‌లు చూస్తే నాకు కోపం ఆగదు. ఎక్కడిదో వీడియో, ఎప్పటిదో ఫొటో, కింద "అందరికీ పంపండి" అని. 2018లో ఇవే పుకార్లు మన రెండు రాష్ట్రాల్లో పాకి, ముఠా అనుకుని అమాయకుల్ని కొట్టి చంపిన ఘటనలు జరిగాయి. అప్పట్లో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరూరా పోలీసుల్ని పంపి, డప్పులు కొట్టించి, జానపద కళాకారులతో పాటలు పాడించి మరీ జనానికి నచ్చజెప్పాల్సి వచ్చింది. చిన్నపిల్లల్ని ఒంటరిగా పంపొద్దు, అంతవరకు సరే. పెద్దవాళ్లు పక్కనుండగా నడిచే బిడ్డను ఇంట్లో కట్టేయాల్సిన అవసరం లేదు. ఆ మెసేజ్ దయచేసి ఫార్వర్డ్ చేయకండి.

కుక్కల భయం మాత్రం పుకారు కాదు. పరుగెత్తొద్దు, అరవొద్దు, కదలకుండా నిలబడమని నేర్పండి. గుంపుగా ఉండే సందు తప్పించి వేరే దారి పట్టండి, మున్సిపాలిటీకి ఫిర్యాదు ఇవ్వండి.

మిగతావి గబగబా

"ఎడమవైపే నడవాలి." ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద కాదు. కుడివైపు నడిస్తే ఎదురొచ్చే బండి కంటికి కనిపిస్తుంది. ఎడమవైపు నడిస్తే అది వీపు వెనక నుంచి వస్తుంది.

"బ్యాగు మోయలేరు." తూకం వేసి చూడండి. ఒకటి, రెండు తరగతుల పిల్లల బ్యాగు 2.2 కిలోలు మించకూడదని కేంద్రం 2020 స్కూల్ బ్యాగ్ విధానంలో చెప్పింది. మించితే అడగాల్సింది బడిని.

"ఎండకు మాడిపోతారు." ఒంటిపూట బడులప్పుడు మధ్యాహ్నం తిరుగుదారికి ఇది నిజమే, ఆ రోజుల్లో ఆటో మంచిది. దాన్ని చూపించి జులైలో కూడా నడిపించకపోవడం సరికాదు.

"అన్నయ్య స్కూటీ మీద దించుతాడు." తొమ్మిదో తరగతి అన్నయ్య బండి నడిపితే, ప్రమాదం జరగకపోయినా సరే, తల్లిదండ్రులకు మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉంటాయి. చర్చ అనవసరం.

"రోజూ నడిపించే తీరిక ఎక్కడిది?"

ఇది అపోహ కాదు, ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇళ్లలో నిజమైన ఇబ్బంది. దీనికి గుంపు నడక ఉంది. జపాన్‌లో చిన్నపిల్లలు ఏళ్ల తరబడి ఇలాగే, పెద్ద తరగతి పిల్లల వెంట జట్టుగా బడికి వెళ్తున్నారు. మన రోడ్ల మీద మాత్రం ఒక పెద్దమనిషి ఉండాల్సిందే. వీధిలో ఐదారు ఇళ్లు కలిస్తే వారానికి ఒక్కో ఇంటికి ఒక్కరోజు వంతు వస్తుంది.

మొదట్లో చెప్పిన అర కిలోమీటరు ప్రశ్న అడిగిన తల్లుల్లో ఒకామె ఉండే కాలనీలో వంతులు కూడా అక్కర్లేకపోయింది. ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరైన తాతయ్య ఒకరు నేను తీసుకెళ్తానన్నారు. ఏడుగురు పిల్లలు. ముందు ఆదివారం రద్దీ లేనప్పుడు నేనూ వెళ్లి, ఎక్కడ ఆగాలో, ఎక్కడ దాటాలో అందరం ఒకసారి నడిచి చూసుకున్నాం. ఆయన ప్రతి మలుపులో ఆగి తలలు లెక్కపెడతారు. ఏడు తేలితేగాని దాటడానికి చెయ్యెత్తరు.

పోయిన వారం ఆ అమ్మ మళ్లీ ఫోన్ చేసింది. ఫోన్ తీస్తూ నాకే కాస్త గాభరా అయింది. "మేడమ్, దారిలో ఒకళ్లింటి ముందు లేగదూడను కట్టేస్తారు. మా వాడు రోజూ అక్కడే ఆగిపోతున్నాడట. తాతయ్య అడగమన్నారు, ఐదు నిమిషాలు ముందు బయల్దేరమంటారా?"

పది నిమిషాలు ముందు బయల్దేరమన్నాను.