నీళ్లలో కలిపిన మందంతా కోడి ఒంటికి పడుతుందా? బ్రాయిలర్ రైతుల అపోహలు, వాస్తవాలు

షెడ్డుకి వెళ్లినప్పుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్న ఇదే: "డాక్టరు గారూ, మూడు రోజులుగా యాంటీబయోటిక్ నడుస్తోంది, అయినా చావులు ఆగట్లేదు, మందు డూప్లికేటా?" ఒక్కోసారి అయ్యుండొచ్చు. చాలాసార్లు మాత్రం మందు మంచిదే, కోడి రక్తంలోకి చేరలేదంతే.

అపోహ: ఏ యాంటీబయోటిక్ తాగించినా ఒళ్లంతా పనిచేస్తుంది.

పనిచేయదు. నియోమైసిన్ పేగు గోడ దాటి రక్తంలోకి దాదాపు వెళ్లదు, పేగులోనే పనిచేసి రెట్టతో బయటికి పోతుంది. ఈకోలై బ్యాక్టీరియా గాలి సంచులకు, గుండె పొరకు పాకిన బ్యాచ్‌కి దాన్ని ఎన్ని రోజులు పోసినా ఫలితం ఉండదు. కొలిస్టిన్ తీరూ అంతే, పైగా మనుషులకు చివరి అస్త్రంగా దాచుకోవాల్సిన మందు కాబట్టి 2019లోనే మన దేశంలో కోళ్లకు, పశువులకు నిషేధించారు. ఎవరైనా తెచ్చిస్తానన్నా దయచేసి తీసుకోకండి. ఎన్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటివి పేగు నుంచి రక్తంలోకి బాగానే వెళ్తాయి.

అపోహ: బోరు నీళ్లైనా ఫర్వాలేదు, అసిడిఫైయర్ (నీళ్లలో కలిపే యాసిడ్) కలిపితే ఏ మందైనా బాగా పడుతుంది.

ఇది సగం నిజం, అందుకే ఎక్కువ నష్టం చేస్తోంది. ఉప్పు బోరు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం డాక్సీసైక్లిన్ లాంటి టెట్రాసైక్లిన్ మందుల్ని పట్టేసుకుంటాయి, అలా ముడిపడిన మందు పేగు దాటలేదు. అలాంటి నీళ్లలో డాక్సీకి సిట్రిక్ యాసిడ్ సాయం చేస్తుంది. కానీ ఎన్రో ద్రావణం క్షార గుణంతో తయారవుతుంది, అదే యాసిడ్ దీనికి పడదు. ఒక షెడ్డులో ఎన్రో, యాసిడ్ రెండూ కలిపేసిన బకెట్ చూశాను: పైన నీళ్లు తేటగా ఉన్నాయి, అడుగున సున్నం తేరినట్టు తెల్లటి మడ్డి. ఆ మడ్డే మందు! కోళ్లు తాగింది పైనున్న ఉత్త నీళ్లు, పైపులోకి వెళ్లిన కాస్త మడ్డీ కోళ్లు తాగే నిపుళ్లలో ఇరుక్కుంది. ముందు ఒక గ్లాసులో కలిపి పది నిమిషాలు ఆగి చూడండి, అడుగున ఏమైనా తేరితే ట్యాంకులో పోయకండి.

అపోహ: లీటరుకి ఇంత అని కలిపితే డోసు సరిపోతుంది.

డోసు లెక్క కోడి బరువుది, నీళ్లది కాదు. ఎన్రో కిలో బరువుకి 10 మిల్లీగ్రాములు, అంటే కిలో బరువున్న వెయ్యి కోళ్లకు రోజుకి 10 శాతం ద్రావణం 100 మిల్లీలీటర్లు. మే నెల ఎండలో కోడి రెట్టింపు నీళ్లు తాగితే లీటరు లెక్కన డోసూ రెట్టింపవుతుంది. జబ్బుతో మూలన ముడుచుకున్న కోడికేమో అందాల్సినంత అందదు. ముందురోజు ఎన్ని లీటర్లు ఖర్చయ్యాయో రాసిపెట్టుకుని దాన్ని బట్టి కలపండి.

టియామ్యులిన్ అనే యాంటీబయోటిక్ ఇచ్చేటప్పుడు, రక్త విరేచనాల జబ్బు (కాక్సిడియోసిస్) రాకుండా మేతలో కలిపే మోనెన్సిన్, సాలినోమైసిన్, నారసిన్ ఉన్నాయా అని మిల్లులో తప్పకుండా అడగండి. టియామ్యులిన్ వల్ల లివర్‌లో అవి విరిగిపోవడం ఆగిపోయి కోళ్లు కాళ్లు పడిపోయి చచ్చిపోతాయి.

అపోహ: మందు ఆపిన మర్నాడు కోళ్లు అమ్మేయొచ్చు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. అమాక్సిసిలిన్ రక్తం నుంచి గంటల్లోనే దిగిపోతుంది, నిజమే, కానీ అన్ని మందులూ అలా పోవు. ఎన్రోలో కొంత భాగం కోడి లివర్‌లో సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారుతుంది, అదీ మనుషులకు వాడే మందే. రెట్టతో బయటికొచ్చింది షెడ్డులో పరిచిన ఊకలో ఉంటుంది, కోడి ఆ ఊకనే పొడుచుకుని తింటుంది, అలా మళ్లీ ఒంట్లోకి చేరుతుంది. టెట్రాసైక్లిన్ ఎముకల్లో అతుక్కుంటుంది. వండితే పోతుందిలే అనుకోకండి, ఎన్రో కూర ఉడికే వేడికి పెద్దగా తగ్గదు.

లేబుల్ మీద విత్‌డ్రాయల్ పీరియడ్ (మందు ఆపాక కోడిని అమ్మకుండా ఆగాల్సిన గడువు) ఎన్ని రోజులని ఉంటే అన్ని రోజులూ ఆగాల్సిందే. పరీక్షించి తేల్చిన గడువు లేని మందులకు మాంసం విషయంలో కనీసం 28 రోజులు ఉండాలని 2012 నుంచి మన డ్రగ్స్ రూల్స్ చెబుతున్నాయి. 40వ రోజు లిఫ్టింగ్ అయ్యే (అమ్మకానికి ఎత్తే) బ్యాచ్‌కి లెక్కేసుకోండి, అలాంటి మందు 12వ రోజు దాటాక వాడకూడదు.