దెబ్బతిన్న కారు రేసులో ఉండొచ్చా? కొన్ని అపోహలు - వాస్తవాలు

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోటై రేసు ట్రాక్‌లో మార్షల్‌గా (ట్రాక్ పక్కన ఉండి జెండాలు చూపించే, ఊడిపడ్డ ముక్కలు తీసే భద్రతా సిబ్బంది) చేస్తుంటాను. హైదరాబాద్ నుంచి రేసు చూడటానికి వచ్చే మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "కారు బాగానే పరిగెడుతోంది కదా, ఎందుకు ఆపించారు?"

అపోహ: కారు సంగతి డ్రైవర్‌కే బాగా తెలుసు.

వాస్తవం: సింగిల్ సీటర్‌లో (ఒక్కరే కూర్చునే రేసు కారు) డ్రైవర్ దాదాపు వెల్లకిలా పడుకున్నట్టు కూర్చుంటాడు. వెనక వింగ్ (కారుని నేలకి అదిమి పట్టే రెక్క) ఎలా వేలాడుతోందో అతనికి సరిగ్గా కనపడదు. ట్రాక్ పక్కన పోస్టు దగ్గర నిలబడ్డ మాకు కనపడుతుంది. వెంటనే రేడియోలో రేస్ కంట్రోల్‌కి (రేసుని నడిపించే అధికారులకి) చెబుతాం. ప్రమాదమని వాళ్లకి అనిపిస్తే కారు నంబరుతో పాటు నల్ల జెండా చూపిస్తారు. దాని మధ్యలో 40 సెంటీమీటర్ల నారింజ రంగు చుక్క ఉంటుంది. అది చూశాక డ్రైవర్ వీలైనంత త్వరగా పిట్‌కి (ట్రాక్ పక్కన కార్లు బాగు చేసే చోటికి) రావాలి. చాలామంది దీన్ని రేసు నుంచి గెంటేయడం అనుకుంటారు. కాదు, బాగు చేయించుకుని మళ్లీ వెళ్లొచ్చు. రేసు నుంచి గెంటేసేది చుక్క లేని నల్ల జెండా, దాని సంగతి వేరు.

అపోహ: చిన్న ముక్క ఊడితే ఏమవుతుంది?

వాస్తవం: 2009 హంగేరీ ఫార్ములా వన్ క్వాలిఫయింగ్‌లో (రేసులో ఎవరు ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో తేల్చే పోటీ) డ్రైవర్ బారికెల్లో కారు నుంచి ఊడిన సస్పెన్షన్ స్ప్రింగ్ వెనకాల వస్తున్న ఫెలిపే మాసా హెల్మెట్‌కి తగిలింది. కిలో కూడా లేని ఆ స్ప్రింగ్ దెబ్బకి అతని పుర్రె చిట్లింది. ఆ సీజన్‌లో అతను మళ్లీ రేసు చేయలేదు. ఇక కార్బన్ ఫైబర్ గురించి నా వేలే చెబుతుంది. పసుపు జెండా ఊపుతుండగా పరిగెత్తి ఒక ముక్క తీశాను, బొటనవేలి గోరంత ఉంటుంది. తోలు గ్లవ్‌ని చీల్చుకుని లోపలికి దిగింది. టైరుకీ అదే గతి.

అపోహ: ఎలాగోలా పిట్‌కి తెచ్చేయడమే బాధ్యత.

వాస్తవం: 2024 కెనడా గ్రాండ్ ప్రీలో (ఫార్ములా వన్ రేసు) డ్రైవర్ సెర్జియో పెరెజ్ విరిగిన వెనక వింగ్‌తో, ముక్కలు రాల్చుకుంటూ పిట్‌కి వచ్చాడు. సేఫ్టీ కార్ (ప్రమాదం జరిగితే ముందు నడిచి అందరి వేగం తగ్గించే కారు) రాకూడదని టీమే అలా రమ్మంది. ఆ టీమ్ రెడ్‌బుల్‌కి 25,000 యూరోల జరిమానా పడింది, పెరెజ్‌కి తర్వాతి రేసులో మూడు గ్రిడ్ స్థానాల కోత పడింది, అంటే మూడు స్థానాలు వెనక నుంచి మొదలుపెట్టాలి. ఆ ముక్కలు ఏరాల్సింది మాలాంటి మార్షళ్లే. నన్నడిగితే ఆ శిక్ష తక్కువే.

అపోహ: ఏ చిన్న దెబ్బ తగిలినా ఆపాల్సిందే.

వాస్తవం: అలా ఏం లేదు. 2022లో ఫార్ములా వన్‌లో హాస్ టీమ్ డ్రైవర్ మాగ్నుసెన్‌కి ఫ్రంట్ వింగ్ అంచు దెబ్బతిన్నందుకే మూడు రేసుల్లో ఈ నారింజ చుక్క జెండా పడింది. అదే ఏడాది అమెరికాలోని ఆస్టిన్‌లో మరో టీమ్ డ్రైవర్ అలోన్సో కారు అద్దం ఊగి ఊగి ఊడిపోయినా జెండా రాలేదు. హాస్ ఫిర్యాదు చేస్తే అలోన్సోకి 30 సెకన్ల పెనాల్టీ వేశారు, కొద్ది రోజులకే దాన్ని ఎత్తేశారు. ఒకే రూలు ఒక్కో చోట ఒక్కోలా నడిస్తే పోస్టులో ఉన్న మాకూ టెన్షనే. నేను చూసేది ఒక్కటే: ముక్క గట్టిగా అతుక్కుని ఉందా, ఊగుతోందా? ఊగుతోందంటే రేడియో నా నోటి దగ్గరే ఉంటుంది.