పేటలోకి వెళ్ళేముందు

మన సంఘం యూత్ పిల్లలందరికీ మీ మామ్మ వందనాలు.

వచ్చే ఆదివారం నుంచి కాలవగట్టు పేటలో సేవ మొదలెడతామని, ప్రార్థన చెయ్యమని అడిగారు. చేస్తున్నాను. కూడా నాలుగు మాటలు రాస్తున్నాను, విసుక్కోకుండా చదవండి.

మైకూ బ్యానరూ ఇప్పుడే వద్దు. బైబిల్లో నెహెమ్యా గ్రంథం రెండో అధ్యాయం తియ్యండి. కూలిన గోడ కట్టించడానికి వెళ్ళిన నెహెమ్యా, యెరూషలేము చేరి మూడు రోజులు ఊరుకున్నాడు. తరవాత రాత్రిపూట కొద్దిమందిని వెంటబెట్టుకుని, పడిపోయిన గోడలూ కాలిపోయిన గుమ్మాలూ చూసొచ్చాడు. దేవుడు తన మనసులో ఏం పెట్టాడో అప్పటిదాకా ఒక్కరికీ చెప్పలేదు. రాజుగారి ఉత్తరాలు చేతిలో ఉన్నవాడే అంత నిదానించాడు, మనమెంత?

ఐదో అధ్యాయం కూడా చదవండి. దాని మీద ప్రసంగాలు తక్కువే వింటాం. గోడ పని నడుస్తుండగానే జనం, వాళ్ళ ఆడవాళ్ళూ వచ్చి మొత్తుకున్నారు. పొలాలు తాకట్టులో ఉన్నాయి, పిల్లల్ని దాస్యానికి అప్పజెప్పాల్సి వస్తోంది అని. ‘ముందు గోడ కానివ్వండి’ అనలేదాయన. అప్పులిచ్చిన పెద్దల్ని నలుగురిలో నిలదీసి, పొలాలూ వడ్డీ తిరిగిచ్చేస్తామని ప్రమాణం చేయించాడు. వాళ్ళు గుంజిన వడ్డీ నూరో వంతు. మన పేట లెక్క వింటే ఏమనేవాడో!

గుమ్మం పక్కన మేక్కి చిన్న కార్డు వేలాడుతుంటుంది, చూడండి. డైలీ ఫైనాన్సు కార్డు. పదివేల అప్పంటే చేతికొచ్చేది తొమ్మిదివేలో, ఎనిమిదిన్నరో. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. సాయంత్రం బండి మీద కుర్రాడొచ్చి గడిలో సంతకం గీకుతాడు. చేపలు అమ్ముడవని రోజు ఆ వంద పక్కింట్లో చేబదులు. మగాయన బెల్టు షాపు దగ్గరుంటే పదో క్లాసు పిల్లాడు కేటరింగ్ పనికెళ్తాడు. ఆ ఇంటికోసం ప్రార్థించేటప్పుడు ఆ వంద రూపాయల సంగతి కూడా దేవుడికి చెప్పండి. డ్వాక్రా గ్రూపులో లేని ఆడవాళ్ళెవరో కనుక్కుని పట్టణాల్లో ఆ గ్రూపుల్ని చూసే సర్కారు సంస్థ మెప్మా వాళ్ళ దగ్గరకి తీసుకెళ్ళండి. అదీ సేవే.

బియ్యం సంచీ చేతికిచ్చి ఫొటో తీసుకోవడం నాకు గిట్టదు. బియ్యమిచ్చి గుడికి రమ్మనడం అంతకన్నా గిట్టదు. వస్తే వాళ్ళంతట వాళ్ళే రావాలి.

గంజాయి కుర్రాళ్ళతో వాదన పెట్టుకోకండి. మానాలనుకునేవాడికి 14446 నంబరు చెప్పండి. అమ్మేవాళ్ళ సంగతి 1972కి, పిల్లలకి ఆపదొస్తే 1098కి. మీరే హీరోలై మీద పడొద్దు. ఇద్దరిద్దరుగా తిరగండి, ఆడపిల్లల వెంట ఓ పెద్దామె ఉండాలి.

‘మాకేం ఉందని వెళ్తాం’ అంటోందట మీలో ఒకమ్మాయి. మన కాకినాడలో బాప్టిస్టు పనికి నాంది పలికింది దొరలు కాదమ్మా. థామస్ గాబ్రియేల్ అనే మన తెలుగాయన. టెలిగ్రాఫ్‌లో సర్కారు ఉద్యోగం వదులుకుని వాక్యం చెప్పడానికి దిగాడు. కెనడా మిషనరీ జాన్ మెక్లారిన్ గారు 1874లో ఇక్కడికొచ్చేసరికే ఆయన కూడగట్టిన విశ్వాసులున్నారు. నెలజీతం మానుకుని ఆ ఇంట్లో ఎలా నెట్టుకొచ్చారో నేను చాలాసార్లు ఆలోచిస్తాను.

ఒక పని పట్టుకోండి, చాలు. సాయంత్రం ట్యూషన్ అనుకుంటే ట్యూషనే. వర్షమొచ్చినా, పిల్లలు ఇద్దరే వచ్చినా ఆ టైముకి అక్కడుండాలి. పరీక్షలున్నాయని రెండు నెలలు మానేసేటట్టయితే మొదలెట్టకండి.

పిల్లలు కూర్చోడానికి చాపలు కావాలంటే మా అటక మీదున్నాయి, శనివారం వచ్చి పట్టుకెళ్ళండి. నాకు నిచ్చెన ఎక్కే ఓపిక లేదు.

ఇట్లు,
మీ మామ్మ