పాలెగాళ్ల నుంచి ఏకగ్రీవాల దాకా

చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ‘పార్టీ’ అంటే జెండా ఒక్కటే కాదు. ‘వాడు ఏ పార్టీ?’ అని అడిగితే, ఏ పెద్దింటి మనిషి అని అర్థం. సర్పంచి ఎన్నికకు పార్టీ గుర్తులు లేకపోయినా ఊళ్లో పార్టీలు, అంటే ముఠాలు, మాత్రం ఉంటాయి.

ఇది పాత కథే. ఇక్కడి పాలెగాళ్లు సొంత బంట్లను పెట్టుకుని శిస్తు వసూలు చేశారు, కావలి కాశారు. 1801లో ఈ సీమ ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. 1804-05లో పాలెగాళ్లు తిరగబడితే కంపెనీ అణిచేసింది. బంట్లు పోయారు గానీ పెద్దరికం పోలేదు, మునసబు, కరణం కొలువుల్లోకి చేరింది. శిస్తు లెక్కయినా, పొలం గట్టు తగాదా అయినా ఆ ఒకటి రెండు ఇళ్ల అరుగుల మీదే తేలాలి. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ వంశపారంపర్య కొలువులు రద్దు చేసింది. ముఠాల వేరుకు తగిలిన తొలి గట్టి దెబ్బ అదేనని నా నమ్మకం.

తర్వాతి దెబ్బ పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ, దాని వెంట వచ్చిన 1994 పంచాయతీరాజ్ చట్టం. రిజర్వేషన్లు మారుతూ రావడంతో సర్పంచి కుర్చీ ఒకే ఇంట్లో పాతుకుపోయే వీలు తగ్గింది. పెత్తనం వెనకనుంచి సాగినా, చెక్కు మీద సంతకం ఇంకొకరిది. ఇది చిన్న మార్పు కాదు.

చిన్న సమాజంలో ఒక ముఠా తేలిగ్గా మెజారిటీ అయిపోతుందనీ, ప్రాతినిధ్యం విశాలమైతే రకరకాల ప్రయోజనాలు దాన్ని నిలువరిస్తాయనీ అమెరికా రాజ్యాంగ రూపకర్తల్లో ఒకడైన జేమ్స్ మాడిసన్ 1787లోనే రాశాడు. మన వార్డు లెక్కింపు చూస్తే ఆ మాట తెలుస్తుంది. ఉన్నవే రెండు మూడు వందల ఓట్లు. చీటీలు విప్పుతుంటే బల్లకు అటువైపు నిలబడ్డ ఏజెంటు ఇళ్లు లెక్కపెట్టుకుంటాడు. ‘ఆ వీధిలో నాలుగు తగ్గినాయే’ అంటాడు. ఆ నలుగురెవరో సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది.

అసెంబ్లీ ఎన్నికల్లోనూ ఈవీఎంలు వచ్చాక ఏ బూత్ లెక్క ఆ బూత్‌దే. బూత్‌ల ఓట్లు కలిపి లెక్కించే టోటలైజర్‌ను ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించినా, అది ఇంకా వాడకంలోకి రాలేదు. వచ్చి తీరాలి.

ఓటే పడకపోతే ఇక రహస్యం ఎక్కడిది? ఏకగ్రీవమైన పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ఇస్తామని 2021లో ప్రభుత్వం ప్రకటించింది. తొలి విడతలో చిత్తూరు, గుంటూరు జిల్లాల ఏకగ్రీవాల ప్రకటనను రాష్ట్ర ఎన్నికల సంఘం ఆపి, నివేదికలు తెప్పించుకున్నాకే అనుమతించింది.

ఆ ఫిబ్రవరిలో మా పక్క ఊళ్లో ఒకామె నామినేషన్ వేసింది. ఉపసంహరణ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు గడువు. రెండున్నరకు ఆమె వచ్చింది, వెనక పదిమంది. ‘నీకెందుకు తల్లీ, ఊరు బాగుండాల గదా’ అని ఒక పెద్దాయన మెల్లగా చెబుతున్నాడు. ఆమె ఎవరి ముఖమూ చూడకుండా సంతకం పెట్టింది. ఆ ఊళ్లో పోలింగ్ జరగలేదు.